తప్పిపోయిన పెంపుడు జంతువులు: వెతకడం, దొరికితే అప్పగించడం

ఇంట్లో పెంచుకునే కుక్క, పిల్లి, పక్షి వంటి ప్రాణి అదుపు తప్పి బయటికి వెళ్లి, తిరిగి ఇల్లు చేరలేకపోతే దాన్ని తప్పిపోయిన పెంపుడు జంతువు అంటారు. అదే ప్రాణి మరొకరి వాకిట్లోనో, అపార్ట్‌మెంటు సెల్లార్‌లోనో కనబడితే వాళ్లకది దొరికిన జంతువు. ఒక ఇంట్లో వెతుకులాట, మరో ఇంట్లో ఏం చేయాలో తోచని సందేహం. చాలాసార్లు ఈ రెండిళ్ల మధ్య దూరం నాలుగైదు వీధులకు మించదు. పోగొట్టుకున్నవారు వెంటనే, దగ్గర్లోనే, విడవకుండా వెతకాలి. దొరికినవారు తొందరపడకుండా యజమాని కోసం ఆరా తీయాలి. జంతువు ఒంటి మీద ఎవరైనా చదవగలిగే గుర్తింపు ఉండాలి. ఈ మూడూ కలిస్తే ఆ ప్రాణి ఇల్లు చేరే అవకాశం ఎన్నో రెట్లు పెరుగుతుంది.

అమెరికాలో వెయ్యికి పైగా కుటుంబాలను అడిగి చేసిన ఒక సర్వే 2012లో వెలువడింది. అంతకుముందు ఐదేళ్లలో కుక్కలు పెంచేవారిలో 14 శాతం, పిల్లులు పెంచేవారిలో 15 శాతం తమ జంతువును పోగొట్టుకున్నారని అందులో తేలింది. తప్పిపోయిన కుక్కల్లో 93 శాతం, పిల్లుల్లో 75 శాతం మళ్లీ దొరికాయి. దొరికిన కుక్కల్లో దాదాపు సగం చుట్టుపక్కల వెతకడం వల్లనే దొరికాయి. మరో 15 శాతం మెడలోని బిళ్ల వల్లో, మైక్రోచిప్ వల్లో ఇల్లు చేరాయి. పిల్లుల్లో 59 శాతం తమంతట తామే తిరిగొచ్చాయి. మన వీధుల రద్దీ వేరు, ఇక్కడి వీధికుక్కల గుంపులు వేరు. అయినా ఆశ వదులుకోనక్కర్లేదని, ముందు ఇంటి చుట్టూ వెతకాలని చెప్పడానికి ఈ లెక్కలు చాలు.

ఎందుకు తప్పిపోతాయి

పారిపోవాలని ఇల్లు వదిలే జంతువులు తక్కువ. ఎక్కువగా జరిగేది భయంతో పరుగెత్తడం. దీపావళి టపాసులు, వినాయక నిమజ్జనం ఊరేగింపుల్లో డప్పులు, డీజే పెట్టెలు, పెళ్లి బరాతుల్లో బాణసంచా, డిసెంబరు 31 అర్ధరాత్రి మోతలు కుక్కల్ని హడలగొడతాయి. మనిషి చెవికి అందని సన్నని ధ్వనులు కూడా కుక్కకు వినబడతాయి కాబట్టి మనకు గోల అనిపించేది దానికి భరించరానిది అవుతుంది. బెదిరిన కుక్క గొలుసు తెంపుకుంటుంది, గోడ దూకుతుంది, ఎదురొచ్చిన దిక్కుకు పోతుంది.

రెండో కారణం సంతానోత్పత్తి కాలం. ఆపరేషన్ చేయించని మగకుక్క, మగపిల్లి ఎదకొచ్చిన ఆడదాని వాసన పట్టి ఇల్లు వదులుతాయి. మూడోది ఇల్లు మారడం. కొత్త ఇంటి వాసనలు ఇంకా అలవాటు కాని జంతువు బయటపడితే దానికి తిరిగి రావలసిన చోటు ఏదో తెలియదు. పాత ఇల్లు దగ్గరైతే అక్కడికే వెళ్లి గుమ్మం ముందు కూర్చోవచ్చు. ఇవి కాక సామాను దించేటప్పుడు తెరిచి ఉంచిన తలుపు, మూత పడని గేటు, వదులైన మెడ బెల్టు, వల కట్టని బాల్కనీ, పంజరం శుభ్రం చేసేటప్పుడు తీసి ఉన్న కిటికీ రోజూ ఉండే ప్రమాదాలు. జాతికుక్కల్ని దొంగిలించి అమ్ముకోవడమూ నగరాల్లో ఉంది.

తప్పిపోయాక వాటి నడత

ఏ ప్రాణి కోసం వెతుకుతున్నామో దాన్ని బట్టి వెతికే తీరు మారాలి. ఇంట్లో మనకు తెలిసిన స్వభావం బయట భయంలో అలాగే ఉండదు.

కుక్కల్లో మనుషుల దగ్గరికి తోక ఊపుకుంటూ పోయేవి త్వరగా ఎవరో ఒకరి చేతికి చిక్కుతాయి. టీకొట్టు దగ్గర, బడి గేటు దగ్గర, వేరే ఇంటి వాకిట్లో కనబడతాయి. అలాంటి కుక్క కోసం మనుషుల్ని అడగడమే మంచి మార్గం. బెరుకు కుక్కల తీరు వేరు. అవి జనాన్ని తప్పించుకుంటూ ఖాళీ స్థలాలు, తుప్పలు, రైలు పట్టాల పక్క, చెరువు గట్లు పట్టుకు పోతాయి. కొన్ని రోజులు గడిస్తే యజమాని పిలిచినా ఆగకుండా పరుగెత్తవచ్చు. అది మరిచిపోయిందని కాదు, ఆ క్షణంలో దాని ఒళ్లంతా భయమే. వెంటపడితే ఇంకా దూరం పోతుంది, రోడ్డు మీదకు వెళ్తే బండి కింద పడుతుంది. అలా కనబడినప్పుడు పరుగెత్తకుండా, కేక వేయకుండా, కళ్లలోకి సూటిగా చూడకుండా పక్కకు తిరిగి నేల మీద కూర్చోవాలి. వాసన గల తిండి కొంచెం కొంచెం విసరాలి. దగ్గరికి వచ్చే నిర్ణయం దానికే వదలాలి. ఇంట్లో దానితో కలిసి పెరిగిన మరో కుక్క ఉంటే గొలుసుతో వెంట తీసుకెళ్లడం బాగా పనిచేస్తుంది.

పిల్లి తీరు దాదాపు దీనికి విరుద్ధం. ఇల్లు దాటని పిల్లి బయటపడితే దూరం పోదు. మొదట దొరికిన చాటున నక్కుతుంది. మెట్ల కింద, నీళ్ల ట్యాంకు సందులో, ఆగి ఉన్న కారు ఇంజను కింద, పక్కింటి అటక మీద గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి కదలకుండా ఉంటుంది. భయపడిన పిల్లి, దెబ్బ తగిలిన పిల్లి అరవవు. పిలిచినా పలకలేదు కాబట్టి ఇక్కడ లేదనుకోవడం పిల్లుల విషయంలో అందరూ పడే పొరపాటు. 2018లో ప్రచురితమైన ఒక పరిశోధన 1,210 తప్పిపోయిన పిల్లుల వివరాలు సేకరించింది. వాటిలో మూడో వంతు వారం రోజుల్లో, 61 శాతం ఏడాదిలోపు దొరికాయి. దొరికినవాటిలో 75 శాతం బయటపడిన చోటికి అర కిలోమీటరు లోపలే ఉన్నాయి. పిల్లి కోసం చేయవలసింది ఊరంతా తిరగడం కాదు, పక్కిళ్లవారి అనుమతి అడిగి ప్రతి సందూ, ప్రతి గదీ స్వయంగా చూడడం. రాత్రి టార్చి వేసి చూస్తే పిల్లి కంటి వెనకనున్న పొర వెలుగును తిప్పికొట్టి కళ్లు మెరుస్తాయి. పగలు కనిపించని పిల్లి అలా బయటపడుతుంది. దగ్గరికి రానిదాన్ని తిండి పెట్టిన బోనుతో పట్టవచ్చు. బోను పెట్టినవారు దాన్ని తరచూ చూస్తుండాలి, ఎండలో వదిలేయకూడదు.

పంజరం పక్షి ఎగిరిపోతే మొదటి గంటలే కీలకం. రెక్కలకు అలవాటు లేనందున అది దగ్గరి చెట్టు మీదో, మిద్దె మీదో వాలుతుంది, పైనుంచి దిగడం చేతకాక అక్కడే ఉండిపోతుంది. దాని పంజరాన్ని తలుపు తీసి, లోపల తెలిసిన తిండి పెట్టి, కనబడేలా డాబా మీద ఉంచాలి. జత పక్షి ఉంటే దాన్ని పక్క పంజరంలో పెడితే ఆ పిలుపుకు వస్తుంది. చీకటి పడితే పక్షి కదలదు. సాయంత్రం ఎక్కడ వాలిందో గుర్తుపెట్టుకుని తెల్లవారక ముందే అక్కడికి చేరాలి, ఆకలి దాన్ని కిందికి దింపేది అప్పుడే. కుందేళ్లు, సీమపందులు దగ్గరి పొదల్లోనో, సామాను వెనకో దాక్కుంటాయి.

మొదటి రోజు చేయవలసినవి

ముందు ఇంట్లోనే చూడాలి. అలమర, మంచం కింద, వాషింగ్ మెషిన్ వెనుక, లిఫ్టు గది ఏదీ వదలకూడదు. తర్వాత పని పంచుకోవాలి. ఒకరు ఇంటి దగ్గరే గేటు తీసి ఉంచి కాపలా ఉండాలి, మిగిలినవారు వీధులు పంచుకుని నడవాలి. బండి మీద తిరగడం కంటే నడకే మేలు, ఎందుకంటే సందుల్లోకి చూడగలం, మనుషులతో మాట్లాడగలం. తెల్లవారుజామున వీధిలో తిరిగే పాలవాళ్లు, పేపర్ వేసే కుర్రాళ్లు, పారిశుధ్య కార్మికులు, రాత్రి వాచ్‌మన్లు, ఆటోడ్రైవర్లు, తిండి డెలివరీ చేసేవాళ్లు ఆ వీధిలో కొత్త కుక్క కనబడితే ముందు గమనిస్తారు. వీధికుక్కలకు రోజూ అన్నం పెట్టే అమ్మలు, అయ్యలు ప్రతి కాలనీలో ఉంటారు. తమ గుంపులోకి కొత్తది చేరిన సంగతి వాళ్లకు వెంటనే తెలుస్తుంది. దుకాణాల, అపార్ట్‌మెంట్ల సీసీ కెమెరాల దృశ్యాలు మర్యాదగా అడిగి చూస్తే కనీసం ఏ దిక్కుకు వెళ్లిందో తెలుస్తుంది.

అదే రోజు దగ్గర్లోని పశువుల ఆసుపత్రులకు, ప్రైవేటు పెట్ క్లినిక్‌లకు, జంతు సంరక్షణ సంస్థలకు, మునిసిపాలిటీ పశువైద్య విభాగానికి ఫొటోతో సహా కబురు పెట్టాలి. నగరపాలక సంస్థల బండ్లు వీధికుక్కల్ని సంతాన నియంత్రణ ఆపరేషన్లకు పట్టుకెళ్తుంటాయి. మెడలో బెల్టు లేని పెంపుడు కుక్కను వీధికుక్క అనుకుని తీసుకెళ్లే అవకాశం ఉంది. అందుకే ఆ కేంద్రాలకు ఫోను చేసి ఊరుకోకుండా స్వయంగా వెళ్లి చూడాలి. ఒకసారి చూసి లేదని వచ్చేయక, ఒకటి రెండు రోజులకోసారి మళ్లీ వెళ్లాలి. దొంగతనం అనుమానం ఉంటే పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వాలి.

ఆసుపత్రికి, పోలీసులకు, వాట్సాప్ గ్రూపులకు ఒకే ఫొటో, ఒకే వివరం వెళ్లాలి. ప్రకటనలో ఉండవలసినవి కొన్నే: స్పష్టమైన ఒంటినిండా ఫొటో, జాతి, రంగు, ఆడదా మగదా, ఎక్కడ ఎప్పుడు తప్పిపోయింది, ఫోను నంబరు. కరవదు గానీ బెదురుతుంది, మందులు వాడుతోంది లాంటి అవసరమైన మాట ఉంటే కలపాలి. పోస్టరు మీద అక్షరాలు నడుస్తున్న బండి మీద నుంచి కనబడేంత పెద్దవిగా ఉండాలి. హైదరాబాద్ లాంటి చోట తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లిషు కలిసి మాట్లాడతారు కాబట్టి రెండు మూడు భాషల్లో రాయడం మంచిది. తప్పిపోయిన చోటికి దగ్గరి కూడళ్లలో, కిరాణా దుకాణాల్లో, మందుల షాపుల్లో, గుడి, మసీదు, చర్చి దగ్గర అడిగి అతికించాలి. దొరికాక ఆ పోస్టర్లన్నీ తీసేయాలి. తీయకపోతే మరొకరు ప్రకటన పెట్టినప్పుడు జనం పట్టించుకోరు.

ఒక ఆనవాలును మాత్రం ప్రకటనలో రాయకుండా దాచుకోవాలి. కడుపు మీది మచ్చ, చెవిలోని పాత గాటు, ఒక గోరు రంగు ఏదైనా సరే. జంతువు తమ దగ్గరుందని ఫోను చేసినవారిని ఆ గుర్తు అడిగితే నిజం తేలుతుంది. జంతువును చూపించకుండానే రవాణా ఖర్చులనో, వైద్యం ఖర్చులనో ఆన్‌లైన్‌లో డబ్బు పంపమనేవారు, ఫోనుకు వచ్చిన ఓటీపీ చెప్పమనేవారు మోసగాళ్లు. వీడియో కాల్‌లో చూపించమని అడగాలి, ఇద్దరు ముగ్గురు కలిసి పగటిపూట జనం ఉన్న చోట కలుసుకోవాలి. బహుమతి ప్రకటించినా మొత్తం రాయకపోవడం క్షేమం.

రోజులు గడిచినా వెతకడం ఆపకూడదు. ఆకలి, చలి పెరిగేకొద్దీ దాక్కున్న పిల్లి బయటికి వస్తుంది. బెరుకు కుక్క రాత్రుళ్లు తిండి కోసం ఒకే చోటికి రావడం మొదలుపెడుతుంది. అది కనబడిన ప్రతి చోటునూ, వేళనూ పటం మీద గుర్తించుకుంటే తిరిగే దారి తెలుస్తుంది. ఆ దారిలో ఒకే చోట, ఒకే వేళకు తిండి పెట్టి నమ్మకం కలిగించి పట్టడం వెంటపడడం కంటే ఎన్నో రెట్లు సఫలమవుతుంది. ఈ పనిని ఒక విద్యగా తీర్చిదిద్దినవారిలో అమెరికా మాజీ పోలీసు అధికారిణి క్యాట్ ఆల్‌బ్రెక్ట్ ఒకరు. నేర పరిశోధనలో బ్లడ్‌హౌండ్ కుక్కలతో పనిచేసిన ఆమె అదే పద్ధతులను తప్పిపోయిన జంతువుల వెతుకులాటకు మళ్లించి 2001లో మిస్సింగ్ పెట్ పార్ట్‌నర్‌షిప్ అనే సంస్థను స్థాపించారు.

జంతువు దొరికినవారు చేయవలసినవి

వీధిలో ఒంటరిగా కనబడిన ప్రతి కుక్కా తప్పిపోయినది కాదు. ఒక చెవి కొన చిన్నగా కత్తిరించి ఉంటే అది సంతాన నియంత్రణ ఆపరేషన్ చేసి వదిలిన వీధికుక్క. ఆ వీధే దాని ఇల్లు, తీసుకెళ్లనక్కర్లేదు. కళ్లు తెరవని కూనలు కనబడితే తల్లి తిండికి వెళ్లిందేమో దూరం నుంచి కొన్ని గంటలు గమనించాలి. మెడలో బెల్టు, ఒంటి మీద కత్తిరించిన జుట్టు, జాతి లక్షణాలు, వాహనాలంటే తెలియని తికమక, మనిషి వెంట ఇంటిదాకా రావడం ఇంటి జంతువు గుర్తులు. బక్కచిక్కి, మురికి పట్టి ఉన్నంత మాత్రాన ఎవరో వదిలేశారని తీర్మానించకూడదు. రెండు వారాలు వీధిలో తిరిగితే ఎంత ముద్దుగా పెరిగిన కుక్కైనా అలాగే కనబడుతుంది.

ముందు చూడవలసింది మన భద్రత. చొంగ కారుస్తూ, నడక తూలుతూ, గొంతు మారి, కారణం లేకుండా మీద పడే జంతువును ముట్టుకోకుండా మునిసిపాలిటీకి చెప్పాలి. కరిచినా, గీరినా గాయాన్ని ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టాలి. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28వ రోజుల్లో మోతాదులు పడతాయి. ప్రభుత్వ ఆసుపత్రులు ఈ టీకా ఉచితంగా ఇస్తాయి. కరిచిన కుక్కను, పిల్లిని పది రోజులు గమనించాలని వైద్యులు చెబుతారు కాబట్టి దాన్ని కొట్టి తరిమేయడం మనకే నష్టం.

జంతువు శాంతంగా ఉంటే మొదట నీళ్లు పెట్టాలి. ఆకలితో ఉన్నదానికి ఒక్కసారే కడుపునిండా పెట్టకుండా పెరుగన్నం లాంటి తేలిక తిండి కొంచెం కొంచెం ఇవ్వాలి. చాక్లెట్, ఉల్లి, ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కలకు హాని చేస్తాయి. మనం వాడే పారాసెటమాల్ మాత్ర పిల్లికి ప్రాణాంతకం. ఇంట్లో వేరే కుక్కలు, పిల్లులు ఉంటే కొత్తదాన్ని విడిగా ఉంచాలి, ఎందుకంటే పార్వో, డిస్టెంపర్ లాంటి జబ్బులు టీకా వేయని కూనల ప్రాణం తీస్తాయి.

తర్వాతి పని యజమానిని వెతకడం. అక్కడి వాచ్‌మన్‌ను, దుకాణదారుల్ని అడగాలి, కాలనీ గ్రూపుల్లో ఫొటో పెట్టాలి, పశువైద్యుడి దగ్గర చిప్ స్కాన్ చేయించాలి. దొరికిన చోటికి దగ్గరి క్లినిక్‌లో ఆ జంతువును గుర్తుపట్టేవారు ఉండవచ్చు. ఎవరైనా మాదే అని వస్తే పాత ఫొటోలు, టీకా పుస్తకం, ప్రకటనలో రాయని గుర్తు అడిగి చూసుకున్నాకే ఇవ్వాలి. జంతువు వాళ్లను చూసి చేసే సందడి బలమైన ఆనవాలే, కానీ దాని ఒక్కదాన్నే నమ్మి అప్పగించకూడదు. ఇంట్లో ఉంచుకునే వీలు లేకపోతే సంరక్షణ సంస్థకు అప్పగించి, ఆ సంగతిని దొరికిన చోట పోస్టరుగా అతికించాలి. రెండు రోజులు చూసి ఎవరూ రాలేదని దూరపు బంధువులకు ఇచ్చేయడంతోనే చాలా జంతువుల ఆచూకీ శాశ్వతంగా చెరిగిపోతుంది.

దొరికిన పక్షి మన రామచిలుక అయితే సంగతి వేరు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం దేశవాళీ చిలుకల్ని, నక్షత్ర తాబేళ్లను పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచడం నేరం. వాటిని అటవీ శాఖకు అప్పగించాలి. లవ్ బర్డ్స్, కాకటీల్ లాంటి విదేశీ పక్షులకు ఈ నిషేధం వర్తించదు.

గుర్తింపు సాధనాలు

అన్నిటికంటే చవకైనది, వేగమైనది మెడ బెల్టుకు తగిలించే బిళ్ల. దాని మీద ఫోను నంబరు చెక్కి ఉంటే ఏ పరికరం అక్కర్లేకుండా ఎవరైనా చదవగలరు. పిల్లికి లాగితే ఊడిపోయే రకం బెల్టు వేయాలి, లేకపోతే కొమ్మకు తగులుకుని మెడ బిగుస్తుంది.

బెల్టు ఊడిపోవచ్చు, దొంగ తీసేయవచ్చు. మైక్రోచిప్‌కు ఆ బెడద లేదు. బియ్యపు గింజంత ఉండే దీన్ని పశువైద్యుడు సూదితో భుజాల మధ్య చర్మం కింద పెడతాడు. ఇందులో బ్యాటరీ ఉండదు. స్కానర్ దగ్గరకు తెచ్చినప్పుడు దాని తరంగాల శక్తితోనే చిప్ మేలుకుని తన 15 అంకెల సంఖ్యను తిప్పి పంపుతుంది. ఐఎస్‌ఓ 11784, 11785 ప్రమాణాలు దీని సంఖ్య రూపాన్ని, 134.2 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యాన్ని నిర్ణయించాయి. జంతువు ఎక్కడుందో చిప్ చెప్పదు, అది జీపీఎస్ కాదు. ఆ సంఖ్యకు ఎదురుగా నమోదు పట్టికలో యజమాని పేరు, ఫోను నంబరు ఉన్నప్పుడే దానికి విలువ. అమెరికాలోని 53 జంతు ఆశ్రయ కేంద్రాల్లో చేసిన పరిశోధన 2009లో వెలువడింది. అక్కడికి వచ్చిన దిక్కులేని కుక్కల్లో మొత్తం మీద 21.9 శాతమే యజమానిని చేరగా, చిప్ ఉన్నవాటిలో 52.2 శాతం చేరాయి. పిల్లుల్లో తేడా ఇంకా పెద్దది: మొత్తం మీద 1.8 శాతం, చిప్ ఉన్నవాటిలో 38.5 శాతం. చిప్ ఉండి కూడా యజమాని దొరకని చోట ముఖ్య కారణం పనిచేయని ఫోను నంబరు. ఇల్లు మారినా, నంబరు మారినా నమోదు సరిచేయాలి.

జీపీఎస్ బెల్టు జంతువు ఉన్న చోటును ఫోనులో చూపిస్తుంది, ఛార్జింగ్ అయిపోతే చూపించదు. వీటన్నిటితోపాటు ఇంట్లో ఉండవలసినవి టీకా పుస్తకం, అన్ని వైపుల నుంచీ తీసిన ఫొటోలు, మునిసిపాలిటీ లైసెన్సు. యాజమాన్యం రుజువు చేయవలసి వస్తే ఇవే ఆధారాలు.

చట్టం చెప్పేది

భారతీయ చట్టం దృష్టిలో పెంపుడు జంతువు చరాస్తి. దొంగిలిస్తే భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ కింద దొంగతనం. దొరికిన ఆస్తిని యజమానికి ఇవ్వడానికో, కాపాడడానికో దగ్గర ఉంచుకోవడం నేరం కాదు. యజమాని ఎవరో తెలిసీ, లేదా తెలుసుకునే మార్గం ఉండీ ప్రయత్నించకుండా సొంతం చేసుకుంటే 314వ సెక్షన్ కింద నేరం. దానికి ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు, జరిమానా ఉంటాయి. జంతువును చంపినా, అంగవైకల్యం కలిగించినా 325వ సెక్షన్ వర్తిస్తుంది.

1872 నాటి ఒప్పందాల చట్టం 71వ సెక్షన్ ప్రకారం దొరికినవారు తమకు అప్పగించిన వస్తువును చూసుకున్నంత శ్రద్ధతో దాన్ని చూసుకోవాలి. వైద్యానికి, తిండికి ఖర్చు పెట్టినవారు ఆ మొత్తం అందేదాకా దాన్ని తమ దగ్గర ఉంచుకోవచ్చని, ప్రకటించిన బహుమతి కోసం దావా వేయవచ్చని 168వ సెక్షన్ చెబుతుంది. బహుమతి సంగతి తెలియకుండా పని చేసినవారికి దాని మీద హక్కు లేదని అలహాబాద్ హైకోర్టు 1913లో లాల్మన్ శుక్లా కేసులో తీర్పు ఇచ్చింది. అది తప్పిపోయిన బాలుడి కేసు అయినా సూత్రం ఒకటే.

ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరం. మొదటిసారి జరిమానా మాత్రం ఇప్పటికీ 10 నుంచి 50 రూపాయలే. ఆ చట్టం కింద 1962లో రుక్మిణీదేవి అరండేల్ అధ్యక్షురాలిగా భారత జంతు సంక్షేమ మండలి ఏర్పడింది. 2023 మార్చిలో వచ్చిన జంతు సంతాన నియంత్రణ నియమాలు పట్టిన వీధికుక్కను ఆపరేషన్, టీకా తర్వాత పట్టిన చోటే వదలాలని చెబుతున్నాయి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు రేబిస్ ఉన్నవాటిని, దూకుడు కుక్కల్ని ఇందులోంచి మినహాయించింది. అదే ఏడాది నవంబరు 7న విద్యాసంస్థలు, ఆసుపత్రులు, బస్‌స్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల్లోంచి పట్టినవాటిని తిరిగి అక్కడ వదలకుండా ఆశ్రయాలకు తరలించాలని ఆదేశించింది. అలాంటి చోటికి దగ్గర్లో కుక్క తప్పిపోతే ఆశ్రయ కేంద్రాల్లోనూ వెతకాలి.

పశువులు, బందెలదొడ్డి

తెలుగు పల్లెల్లో తప్పిపోయిన జంతువంటే మొదట గుర్తొచ్చేది ఆవు, గేదె, మేక. మంద వదిలి పొలాల్లో పడిన పశువును తోలుకొచ్చి కట్టేసే బందెలదొడ్డి పాత ఏర్పాటు. 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం దానికి నిబంధనలు పెట్టింది. యజమాని బందె కట్టి విడిపించుకోవాలి, ఏడు రోజుల్లో రాకపోతే ప్రకటన, ఆ తర్వాత మరో ఏడు రోజులకు వేలం. ఒంటి మీద వేసిన ముద్ర, చెవి గాటు, మెడ గంట పూర్వపు గుర్తులు. ఇప్పుడు పశువుల చెవికి 12 అంకెల పసుపు పోగు వేస్తున్నారు. దారి తప్పి వచ్చిన గేదె చెవి సంఖ్యను పశువైద్య సిబ్బందికి చెబితే ప్రభుత్వ నమోదులో యజమాని వివరాలు దొరుకుతాయి. కుక్కలకు, పిల్లులకు దేశమంతటికీ ఇలాంటి ఒకే తప్పనిసరి నమోదు లేదు.

వరదలు, తుఫానులు

2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్, 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు వరద వంటి విపత్తుల్లో మనుషులతోపాటు జంతువులూ చెల్లాచెదురవుతాయి. అమెరికాలో 2005 నాటి కత్రినా తుఫానులో పెంపుడు జంతువుల్ని వదిలి రాలేక చాలామంది ఇళ్లలోనే ఉండిపోయారు. ఆ అనుభవంతో 2006లో జంతువుల తరలింపును కూడా అత్యవసర ప్రణాళికల్లో చేర్చాలని అక్కడ చట్టం వచ్చింది. హెచ్చరిక రాగానే బిళ్ల ఉన్న బెల్టు వేయడం, బుట్ట, టీకా పుస్తకం, మూడు నాలుగు రోజుల తిండి సిద్ధం చేయడం అందరికీ సాధ్యమే. వెంట తీసుకెళ్లే వీలే లేకపోతే గొలుసు విప్పాలి. నీళ్లు పెరిగినప్పుడు కట్టేసి ఉన్న ప్రాణికి బతికే దారి ఉండదు.

ఇతర దేశాల్లో

తప్పిపోయిన కుక్కలకంటూ పేరుపొందిన తొలి ఆశ్రయాన్ని 1860లో లండన్‌లోని హాలోవేలో మేరీ టీల్‌బీ అనే మహిళ మొదలుపెట్టారు. 1871లో అది బాటర్సీకి మారింది, 1883 నుంచి పిల్లుల్ని కూడా చేర్చుకుంది, ఈనాటికీ నడుస్తోంది. బ్రిటన్‌లో దిక్కులేని కుక్కను స్థానిక సంస్థ ఏడు రోజులు ఉంచాలి. 2016 నుంచి కుక్కలకు మైక్రోచిప్ తప్పనిసరి. ఇంగ్లండ్‌లో 2024 జూన్ 10 నుంచి పిల్లులకూ తప్పనిసరి. అదే ఏడాది కుక్కలు, పిల్లుల అపహరణను ప్రత్యేక నేరం చేశారు. జపాన్‌లో 2022 జూన్ నుంచి అమ్మకానికి పెట్టే కుక్కపిల్లలకు, పిల్లిపిల్లలకు చిప్ వేయాలి. అమెరికాలో ఆశ్రయ కేంద్రాలు దొరికిన జంతువును ఉంచే గడువు చాలా రాష్ట్రాల్లో మూడు నుంచి ఏడు రోజులే. ఆ తర్వాత దాన్ని వేరొకరికి దత్తత ఇవ్వవచ్చు, చంపనూవచ్చు. అక్కడ ఉండే తెలుగు కుటుంబాలు ఈ గడువును గుర్తుంచుకోవాలి. వారాంతం దాకా ఆగకుండా వెంటనే కౌంటీ ఆశ్రయ కేంద్రానికి స్వయంగా వెళ్లాలి.

వేల కిలోమీటర్లు నడిచి ఇల్లు చేరిన జంతువుల కథలూ ఉన్నాయి. 1923లో ఇండియానా రాష్ట్రంలో తప్పిపోయిన బాబీ అనే కుక్క 1924 ఫిబ్రవరిలో ఒరెగాన్‌లోని సిల్వర్టన్ చేరింది, ఆ దూరం నాలుగు వేల కిలోమీటర్లకు పైనే. 2012లో ఫ్లోరిడాలో తప్పిపోయిన హాలీ అనే పిల్లి రెండు నెలల్లో దాదాపు 320 కిలోమీటర్లు దాటి సొంత ఊరు చేరింది. మైక్రోచిప్ ఉండబట్టే అది అదే పిల్లి అని రుజువైంది. ఇవి అరుదైనవి కాబట్టే చరిత్రకెక్కాయి. తానే వస్తుందిలే అని చేతులు కట్టుకుని కూర్చోవడానికి ఇవి ఆధారం కావు.

తెలుగు రాష్ట్రాల్లో

హైదరాబాద్‌లో పెంపుడు కుక్కకు నగరపాలక సంస్థ లైసెన్సు తీసుకోవాలి. సంస్థ పశువైద్య విభాగం ఫతుల్లగూడ వంటి చోట్ల జంతు సంరక్షణ కేంద్రాలు నడుపుతోంది. అమల అక్కినేని స్థాపించిన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ 1992 నుంచి పనిచేస్తోంది. విశాఖలో విశాఖ ఎస్‌పీసీఏ అనే జంతు సంరక్షణ సంస్థ ఉంది. 1962 నంబరుకు ఫోను చేస్తే రెండు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనం వస్తుంది, అది ప్రధానంగా పాడి పశువుల కోసం ఏర్పడిన సేవ. వీటన్నిటికంటే ముందు ఉపయోగపడేవి కాలనీ, అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులు, వీధి జంతువులకు అన్నం పెట్టేవారి పరిచయాలు.

ఇంకా కావలసింది చాలా ఉంది. ప్రతి ప్రభుత్వ పశువుల ఆసుపత్రిలో, ప్రతి సంతాన నియంత్రణ కేంద్రంలో చిప్ స్కానర్ ఉండాలి, లోపలికి వచ్చిన ప్రతి కుక్కనూ ఆపరేషన్‌కు ముందే స్కాన్ చేయాలి. లైసెన్సు ఇచ్చేటప్పుడే చిప్ సంఖ్యను రాసి, ఒక ఊరి నమోదు మరో ఊరిలో కనబడేలా కలపాలి. గేదె చెవి పోగుకు చేయగలిగిన ఏర్పాటు కుక్కకు, పిల్లికి చేయలేనిది కాదు. అది వచ్చేదాకా ఆ బాధ్యత ఇంటివారిది, వీధివారిది. ఫోను నంబరు చెక్కిన బిళ్లను ఈ రోజే బెల్టుకు తగిలించడం పెంచుకునేవారి పని. కొత్త జంతువు కనబడితే తరిమేయకుండా, సొంతం చేసుకోకుండా ఇది ఎవరిదని నలుగురిని అడగడం ఇరుగుపొరుగు పని.